కాలవ కట్టేసిన వేసవి

మా మనవరాలి కబురు నాకు ముందుగా తెచ్చింది కింద వాటాలో ఉండే టీచరమ్మ గారు. మెట్లెక్కొచ్చిన ఆయాసంలో గుమ్మం పట్టుకుని నిలబడి, "మామ్మగారూ, మీ మనవరాలు లోతు వైపుకి వెళ్ళిపోయిందండీ..." అని ఊపిరి కోసం ఆగారు.

ఆవిడ ఆగింది ఎంతోసేపు కాదు. ఈలోపే నా చేతిలో చాట జారి మినప్పప్పు గదంతా పరుచుకుంది.

"అయ్యయ్యో, గాబరా పడకండి! ఈదుకుంటూ వెళ్ళిందండీ. స్విమ్మింగ్ పూల్లో ఆ చివరి గోడ ముట్టుకుని మళ్ళీ ఈ చివరికి వచ్చేసింది. నేర్పే మాస్టారే చప్పట్లు కొట్టారు. మా వాడు చూడండి, ఇంకా మెట్ల దగ్గర గొట్టం వాటేసుకుని ఏడుస్తున్నాడు."

"దేవునికి స్తోత్రం," అన్నాను. అనేసి కుర్చీలో కూర్చుండిపోయాను. ఆవిడ నవ్వుతూ కిందికి వెళ్ళిపోయారు. నేను నేల మీద చతికిలబడి పప్పు ఏరుకోవడం మొదలుపెట్టాను. కిటికీలోంచి ఆటోనగర్ సుత్తి చప్పుళ్ళు రోజూలాగే వినపడుతున్నాయి. ఏరుతుంటే చేతికి పప్పు తగులుతోంది గానీ, ముక్కుకి మాత్రం ఎండిన నాచు వాసన తగిలింది. ఎన్నేళ్ళయిందో ఆ వాసన పీల్చి. నీళ్ళు పోయిన కాలవ వాసన అది.

మా నాన్న కాలవ లాకుల దగ్గర సూపర్నెంటు. లాకులంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. పైకాలవలో నీళ్ళు ఎత్తుగా ఉంటాయి, కింది కాలవలో పల్లంగా ఉంటాయి. పడవ ఆ మెట్టు దిగడానికి కట్టిన రాతి తొట్టె లాంటిది లాకు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, నీళ్ళు మెల్లగా వదిలి, పడవని కిందికి దింపి, ముందు తలుపులు తీస్తారు. ఏడాదంతా పడవలు వచ్చేవి. బియ్యం బస్తాలు, పెంకులు, కొబ్బరికాయలు, ఒక్కోసారి పెళ్ళివాళ్ళు. దూరం నుంచే "లాకు తియ్యండోయ్!" అని కేక వినపడేది. చుట్టుపక్కల వేరే ఇళ్ళు లేవు. కాలవ గట్టు మీద మా క్వార్టరు, దానికి కొంచెం ఎడంగా లస్కరు తాత పాక, అంతే. తలుపులు తిప్పడం, గట్టు మీద తిరిగి గండ్లు చూసుకోవడం ఆయన పని. ఆయన ఎవరికీ తాత కాదు, అందరికీ తాతే.

దగ్గర్లో ఆడపిల్లల బడి లేదు. నా చదువంతా ఇంట్లోనే. పొద్దున్నే వంటింటి గడప మీద కూర్చోబెట్టి అమ్మ అక్షరాలు దిద్దించేది. సాయంత్రం నాన్న లెక్కలు చెప్పేవారు. దీపం పెట్టాక అమ్మ, నాన్న, నేను, చెల్లి నలుగురం చాప మీద చేరి బైబిలు వాక్యం చదువుకునేవాళ్ళం. ఆ చదువుకే నేను ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. ఆ గడపే లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాసే చెయ్యి ఉండేది కాదు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. నాకంటే ముందు మా ఇంట్లో ఒక అన్నయ్య ఉండేవాడట. నేను పుట్టకముందే పోయాడు. రేవు మెట్ల మీద నుంచి కాగితం పడవ వదలడానికి వంగి కాలవలో పడ్డాడట. అందుకని అమ్మ మమ్మల్ని ఆ మెట్ల వైపు పోనిచ్చేది కాదు. ఇంట్లో వాడుకునే నీళ్ళు కూడా లస్కరు తాత కావిడితో తెచ్చి పోసేవాడు. కాలవ మా ఇంటి ముందు నుంచే పారేది. నేను మాత్రం దాన్ని వేరే ఊరిని చూసినట్టు చూసేదాన్ని.

ఏటా ఎండలు ముదిరాక కాలవలు కట్టేసేవారు. బెజవాడ దగ్గర నీళ్ళు ఆపేస్తే, రోజురోజుకీ మా కాలవ సన్నబడి, చివరికి అడుగు బయటపడేది. నాకైతే అసలు పండగ అదే. నీళ్ళు లేని కాలవంటే అమ్మకీ భయం లేదు. "ఇక పోండి, ఆడుకోండి," అనేది. ఆ మాట కోసం నేనూ చెల్లీ సంవత్సరమంతా కాచుకునేవాళ్ళం.

కాలవ అడుగున నడవడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఎత్తయిన గట్ల మధ్య, పైన ఆకాశం ఒక పొడుగాటి పట్టీలాగా కనపడుతుంది. కాళ్ళ కింద మెత్తని ఇసుక, దాని కింద చల్లటి తడి. నత్తగుల్లలు ఏరి లంగా నిండా మూట కట్టుకునేవాళ్ళం. పల్లెల్లోంచి జనం బుట్టలు పట్టుకొచ్చి బురదలో మట్టగిడస చేపలు పట్టేవాళ్ళు. ఏడాది పొడుగునా రేవుల్లో జారిపోయిన చెంబులూ గిన్నెలూ గరిటెలూ అప్పుడు బయటపడేవి. వాటిని ఎవరూ ఇంటికి పట్టుకుపోయేవాళ్ళు కాదు. లాకు గోడ మీద వరసగా పెట్టేవాళ్ళు. ఎవరిది వాళ్ళు ఆనవాలు చూసి తీసుకుపోవాలి. "ఇదుగో నా చెంబే! మూతి దగ్గర సొట్ట ఉందా లేదా చూడు," అని ఒకావిడ, "ఆ సొట్ట మీ ఆయన నెత్తిదా నీ చెంబుదా?" అని ఇంకొకావిడ. ఆ గోడ దగ్గర నవ్వులే నవ్వులు.

అందరికంటే ముందు, తెల్లవారుతూనే అమ్మ ఒక్కతే ఆ గోడ దాకా వెళ్ళి వచ్చేది. అన్నయ్య మొలతాడుకి వెండి మువ్వ ఉండేదట. అది ఎప్పుడూ దొరకలేదు. వచ్చి చేతులు కడుక్కుని పొయ్యి రాజేసేది.

నేను చెప్పబోయే వేసవిలో నాకు సరిగ్గా అన్నయ్య పోయిన ఈడు వచ్చింది.

ఆ సంగతి నాకు తట్టలేదు. అమ్మకి తట్టింది. కాలవ కట్టేసిన వారంలోనే అటక మీది రేకు పెట్టె దింపి, తుడిచి, నా బట్టలు సర్దడం మొదలుపెట్టింది. కూచిపూడి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. కాలవ మళ్ళీ వదిలేలోగా నన్ను అక్కడికి పంపించెయ్యాలని అమ్మ నిశ్చయం. వేసవి వరకు కాదు, ఉండిపోవడానికే.

"ఈ యేడు నా వల్ల కాదండీ," అంది నాన్నతో. "అది కాలవ గట్టు మీద నడుస్తుంటే నాకు వాడే కనపడుతున్నాడు. అక్కడ బడి ఉంది, మా అమ్మ ఉంది. కాలవ లేదు."

నాన్న లేచి లాకు వైపు వెళ్ళిపోయారు. అన్నయ్య మాట వస్తే నాన్న ఎప్పుడూ అంతే. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. అమ్మమ్మంటే నాకు ఇష్టమే. కానీ గడప మీద అక్షరాలు లేకుండా, చెల్లి పక్కన పడుకోకుండా, అమ్మ కొంగు వాసన లేకుండా ఎలా ఉండడం? ఆ రోజు మామిడికాయ ముక్కకి ఉప్పూ కారం అద్ది చెల్లి నా నోటి దగ్గర పెడితే కూడా తినలేకపోయాను.

అప్పుడు దిగింది మా మేనత్త. నాన్నకి అక్క. భర్త పోయాక బెజవాడలో ఆడపిల్లల హాస్టల్లో పిల్లల్ని చూసుకునే పెద్దమ్మగా ఉండేది. ఏటా సెలవులకి మా ఇంటికొచ్చేది. దివిసీమలో నది పక్కన పెరిగిన మనిషి. లావుగా, నల్లగా, నవ్వితే ఒళ్ళంతా కదిలేది. బస్సు దిగి గట్టంతా నడిచి వచ్చేసరికి చెమటతో తడిసి ముద్దయ్యేది. రాగానే కుండలో నీళ్ళు చెంబుడు తాగి, ప్రార్థన చేసి, "ఏమున్నాయే తినడానికి?" అనేది. ఆ రోజు అమ్మ చింతచిగురు, ఎండు రొయ్యలు వేసి వండింది. అన్నం కలుపుకుంటూ అత్తయ్య మూలన ఉన్న పెట్టె చూసింది.

"ఎవరికే ఆ పెట్టె?"

అమ్మ చెప్పింది. అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది, మింగింది, అప్పుడు మాట్లాడింది.

"కాలవ నుంచి పిల్లని దాస్తావు సరే. కూచిపూడిలో నూతులు లేవా? చెరువులు లేవా? పెళ్ళయ్యాక ఏ ఊరి కోడలవుతుందో, ఆ ఊరి వాగుని ఎవరు కడతారు?"

"వదినా, నీళ్ళలోంచి తీసినప్పుడు మీరు వాణ్ణి చూడలేదు." అమ్మ గరిటె కింద పెట్టింది. "నేను చూశాను."

"నేనూ ఏడ్చానే అమ్మాయ్. ఏడ్చి ఏడ్చి ఒకటే అనుకున్నా. వాడికి ఈత నేర్పలేదు మనం. కాలవ గట్టు మీద కాపురం పెట్టి పిల్లాడికి ఈత నేర్పలేదు. దీనికి నేను నేర్పుతా. సెలవులు అయ్యేలోగా, కాలవ వదిలేలోగా నేర్పుతా. వస్తే ఇక్కడే ఉంచు. రాకపోతే నేనే దగ్గరుండి మీ అమ్మగారింట్లో దింపి వస్తాను."

అమ్మ అత్తయ్య పళ్ళెంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది. "నేర్చుకోవడం అంటే మీ చెయ్యి పట్టుకుని తేలడం కాదు," అంది అమ్మ. "లాకు కింద మడుగులో, ఎవరి సాయం లేకుండా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పోవాలి. నా కళ్ళతో నేను చూడాలి."

"చూద్దువు గానీ, ముందు మజ్జిగ పొయ్యి," అంది అత్తయ్య.

కాలవంతా ఎండినా లాకు తలుపుల కింద ఒక మడుగు మిగిలేది. నీళ్ళు పైనుంచి పడీ పడీ అక్కడ గుంట పడింది. పచ్చటి నీళ్ళు, గట్టు మీద తుమ్మచెట్టు కొమ్మకి ఒక లకుముకి పిట్ట. నా బడి అదే అయింది.

కానీ అత్తయ్య నన్ను వెంటనే నీళ్ళలో దింపలేదు. ముందు వరండాలో బెంచీ మీద బోర్లా పడుకోబెట్టి చేతులూ కాళ్ళూ ఆడించమంది. "కప్పని చూశావా? అదీ! కాళ్ళు ముడుచు, చాపు." చెల్లి పక్కన నిలబడి "బెక బెక" అని అరిచేది. లస్కరు తాత అటుగా పోతూ, "అమ్మాయిగారు బెంచీ మీదే బందరు పోయొస్తారేమోనండీ," అన్నాడు. తర్వాత పెరట్లో సిమెంటు తొట్టెలో ముఖం ముంచి ఊపిరి బిగబట్టడం. ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గుతుంటే వీపు మీద చరిచి, "నీళ్ళకి నువ్వంటే కోపమేం లేదే. నీకే వాటి మీద అనుమానం," అనేది.

మడుగులోకి దిగడానికి బుర్ర కావాలి. ఎండిన సొరకాయ బుర్ర నడుముకి కట్టుకుంటే మనిషి మునగడు. ఈత నేర్చుకునే పిల్లలందరికీ అదే. తాత ఎక్కడో అడిగి ఒకటి తెచ్చాడు. తీరా చూస్తే అది కల్లు గీసేవాళ్ళ బుర్ర. లోపలంతా పులిసిన వాసన.

"ప్రభువా!" అని అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఇది కట్టుకుంటే పిల్ల నీళ్ళలో తేలడం కాదు, తూలుతుంది."

"మనింట్లో కల్లు బుర్రా?" అని అమ్మ గడప లోపలికే రానివ్వలేదు. బూడిద వేసి, చింతాకు ఉడికించిన నీళ్ళు పోసి, ఇసుక వేసి గిలకొట్టి కడిగింది అత్తయ్య. వాసన కొంచెం తగ్గింది. పూర్తిగా ఎప్పుడూ పోలేదు. కల్లు పోసుకోవడానికి కోసిన బుర్ర కాబట్టి దానికి మూతి ఉంది. ఆ మూతి గట్టిగా మూసెయ్యాలి.

"లక్క కరిగించి పోస్తే రాయైపోద్దండీ," అన్నాడు తాత. "అయ్యగారి ఆఫీసులో ఉంటది గదా, కవర్లకి సీళ్ళేసే లక్క."

అత్తయ్య ఆఫీసు గదిలోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. నాన్న కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"అది గవర్నమెంటు లక్క అక్కయ్యా."

"నేనేమన్నా మేడ కట్టడానికి అడుగుతున్నానా? గోరంత ముక్క!"

"గోరంతైనా గవర్నమెంటుదే. మన పిల్ల నడుముకి కట్టడానికి ఇవ్వలేదు కదా నాకు."

అత్తయ్య కోపం తెచ్చుకోబోయి నవ్వేసింది. "నీలాంటి తమ్ముడు ఉన్నందుకు స్తోత్రం చెయ్యాలో, మొట్టికాయ వెయ్యాలో తెలియట్లేదు నాకు," అంది. ఇంట్లో ఈస్టరుకి వెలిగించిన కొవ్వొత్తుల ముక్కలు డబ్బాలో దాచి ఉన్నాయి. వాటిని కరిగించి, గుడ్డ పీలికలు తడిపి, బుర్ర మూతికి బిగించింది. ఆరాక గోటితో గీకి చూసి, "బ్రహ్మాండంగా ఉంది," అంది.

ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నా ఒంటికి మడుగు చల్లదనం తగులుతుంది. ఇంకా ఎండ రాకముందే అత్తయ్య చీర గోచీ పోసి కట్టి, నన్ను చెయ్యి పట్టుకుని మడుగులోకి దింపేది. పరిగ చేపపిల్లలు పాదాల్ని కొరుకుతుంటే చక్కిలిగిలి. అరచెయ్యి నా పొట్ట కింద పెట్టి నడిపించేది. ఆ చెయ్యి పడవ అడుగులాగా గట్టిగా ఉండేది. ఒక రోజు ఆ చెయ్యి తీసేసినా బుర్ర నన్ను తేల్చింది. ఇంకో రోజు మడుగు సగం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. బుర్ర విప్పితే మాత్రం రాయిలా మునిగేదాన్ని. విప్పగానే ప్రాణం జారిపోయేది, కాళ్ళు ఆడేవి కావు.

ఈత అయ్యాక పులిసిన గంజినీళ్ళ తరవాణిలో చద్దన్నం, ఉల్లిపాయ, కొత్త ఆవకాయ ముక్క. ఆ ఆకలి మళ్ళీ నాకు ఎప్పుడూ వెయ్యలేదు. మిట్టమధ్యాహ్నం తాత తాటిగెల కొట్టి ముంజలు తెచ్చేవాడు. వేలు గుచ్చి జుర్రుకుంటే నీళ్ళు మోచేతి దాకా కారేవి. సాయంత్రాలు అందరం కాలవ అడుగునే చాపలు పరుచుకునేవాళ్ళం. చల్లబడిన ఇసుక మీద నాన్న వెల్లకిలా పడుకుని పడవల సంగతులు చెప్పేవారు. అత్తయ్య కీర్తన ఎత్తుకుంటే గట్లు రెండూ తిరిగి పాడినట్టుండేది. అమ్మ కూడా వచ్చి కూర్చునేది గానీ, కళ్ళు మాత్రం మడుగు వైపు తిప్పేది కాదు. ఒకసారి నా తడి జుట్టు దువ్వుతూ, "ఎంత దూరం పోయావివ్వాళ?" అని అడిగింది. "సగం," అన్నాను. "బుర్రతోనా?" "బుర్రతోనే." అమ్మ జడ బాగా బిగించి అల్లింది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం ఆఫీసులో ఫోను మోగింది. మాట్లాడి నాన్న వరండాలోకి వచ్చారు.

"బెజవాడలో నీళ్ళు వదులుతున్నారట. ఎల్లుండికల్లా మన దగ్గరికి వచ్చేస్తాయి."

అంతకుముందు ఏడాది కంటే ముందే వదులుతున్నారు. అత్తయ్య లెక్క తప్పింది. అమ్మ లేచి వెళ్ళి పెట్టె మూత వేసి గొళ్ళెం పెట్టింది.

"రేపు పొద్దున ఉందిగా ఇంకా," అంది అత్తయ్య. ఆ గొంతులో ఎప్పటి నవ్వు లేదు.

మర్నాడు అత్తయ్య ముందు బుర్రతో కాసేపు ఈదించి, తర్వాత నన్ను బుర్ర లేకుండా దింపింది. మునిగాను. మళ్ళీ దింపింది. మళ్ళీ మునిగాను. నీళ్ళు మింగి, ఏడ్చి, "నా వల్ల కాదత్తయ్యా," అన్నాను. "సరే, ఇంటికి పోయి రెండు ముద్దలు తిని రా. అమ్మని కూడా పిలుచుకొస్తాను," అంది. తడిసిన బుర్రని చెల్లి చంకన పెట్టుకుంది. దాన్ని తనే మోస్తానని ఎప్పుడూ పేచీ. మేం తిని, అమ్మ పనులు ముగించుకుని, అందరం కదిలేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది.

అమ్మ మడుగు ఒడ్డుకి రావడం అదే మొదటిసారి. చెల్లి చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నాన్న పక్కనే నిలబడ్డారు. తాత లాకు గోడ మీద నుంచి బుర్ర అందించాడు. నేను అమ్మ ముఖం చూశాను. చూడగానే అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను.

"అత్తయ్యా, ఒక్కసారి బుర్రతో. తర్వాత విప్పేస్తాను."

అత్తయ్య అమ్మ వైపు చూసింది. అమ్మ తల ఊపింది. తర్వాత వంగి, నా నడుముకి తాడు తనే ముడి వేసింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. వేసి, "దిగమ్మా," అంది.

దిగాను. ముందు తేలిగ్గానే ఉంది. చేతులు చాపాను, కాళ్ళు ముడిచి తన్నాను. సగం దాకా రోజూ పోయిన దారే. సగం దాటేసరికి నడుం దగ్గర ఏదో కిందికి లాగుతోంది. నాచు తగులుకుందేమో అనుకున్నాను. గట్టిగా తన్నాను. ఇంకా లాగుతోంది. గడ్డం దాకా మునిగాను. నోట్లోకి పచ్చి నీళ్ళు వచ్చాయి. వెనక నుంచి అమ్మ కేక వినపడింది. నా పేరు కాదు, అన్నయ్య పేరు. ఆ పైన అత్తయ్య గొంతు, "కాళ్ళు! కాళ్ళాడించవే! ఆపకు!" అని. వెనక్కి తిరిగే వీలు లేదు. బెంచీ మీద పడుకున్నట్టే అనుకున్నాను. ముడుచు, చాపు. ముడుచు, చాపు. నీళ్ళు తెల్లగా కళ్ళ ముందు ఎగురుతున్నాయి. అంతలో వేళ్ళకి బురద తగిలింది. పాక్కుంటూ పైకెక్కి అవతలి ఒడ్డున బోర్లా పడిపోయాను.

తిరిగి చూస్తే అమ్మ నడుం లోతు నీళ్ళలో ఉంది. నాన్న రెండు చేతులతో పట్టుకుని ఆపుతున్నారు. అత్తయ్య సగం ఈదేసి నా వైపే వస్తోంది.

"వచ్చేసిందిగా! చూశావా?" అని అరిచారు నాన్న. నాన్న అంత గట్టిగా అరవడం మేమెవరం ఎరగం.

అమ్మ ఎగశ్వాసతోనే, "బుర్ర ఉందిగా," అంది. "బుర్రతో వస్తే లెక్కలోకి రాదు."

లస్కరు తాత లాకు తలుపుల మీదుగా పరిగెత్తుకొచ్చి నా నడుముకున్న తాడు విప్పాడు. బుర్ర ఎత్తబోయి, "ఇదేంటండీ ఇంత బరువుంది!" అని వంచాడు. గుడగుడమంటూ నీళ్ళు. ఎంతసేపు పోసినా నీళ్ళే. మూతికి పెట్టిన మైనం లేదు, ఒక గుడ్డ పీలిక మాత్రం వేలాడుతోంది.

చెల్లి చిన్న గొంతుతో, "తడిగా ఉందని నేను గోడ మీద ఎండబెట్టా," అంది.

తాత వెళ్ళి చూశాడు. లాకు గోడ రాయి పెనంలా కాలుతోంది. దాని మీద కొవ్వొత్తి మైనం తెల్లటి మడుగు కట్టి ఉంది, అందులో నాలుగు చీమలు.

అత్తయ్య అప్పుడు బురదలో కూలబడింది. అంత లావు మనిషీ చలిజ్వరం వచ్చినట్టు వణికిపోయింది. బుర్ర తేల్చడం మానేసి లోపలికి లాగింది. పిల్ల నడుముకి బరువు కట్టి పంపించినట్టయింది. "ప్రభువా, నేనేం చేశాను... ఈ పిల్లని కూడా... నేనేం చేశాను," అని అదే మాట.

అమ్మ తడి చీరతోనే లాకు తలుపుల మీద వేసిన పలక మీదుగా నడిచి అవతలికి వచ్చింది. ఆ పలక మీద ఎప్పుడూ కాలు పెట్టి ఎరగదు. వచ్చి, నన్ను పొదివి పట్టుకుంటుందనుకున్నాను. కానీ ముందు అత్తయ్య పక్కన కూర్చుంది. భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"ఏం కాలేదు వదినా. చూడండి, ఏం కాలేదు. తేల్చేది లేకపోయినా వచ్చేసింది. లాగేదాన్ని కూడా లాక్కుని వచ్చేసింది." అని నా వైపు చెయ్యి చాపింది. నేను ఆ చేతిలోకి దూరాను. అమ్మ గుండె నా చెవి కింద దడదడలాడుతోంది, మాట మాత్రం నిలకడగా ఉంది. "నా కళ్ళతో నేను చూశాను," అంది.

ఇంకా ఏదో అనబోయి, చెల్లిని ఎత్తుకుని వెనకే వచ్చిన నాన్న వైపు తిరిగి నవ్వడం మొదలుపెట్టింది. "మీ గవర్నమెంటు లక్క చల్లగుండ! అది గనక పోసుంటే ఈ బుర్ర ఈ జన్మకి విప్పేది కాదు ఇది." నాన్న కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడిచిన పంచె కొస తడిగానే ఉంది, అద్దాలు ఇంకా మసకబారాయి. అత్తయ్య ఏడుస్తూనే నవ్వింది. అందరం ఆ బురదలోనే కూర్చుని మోకరించినట్టు తలలు వంచాం. ప్రార్థన ఎవరు చేశారో గుర్తులేదు. ఎవరూ చెయ్యలేదేమో కూడా.

ఇంటికి వెళ్ళాక అమ్మ పెట్టె గొళ్ళెం తీసి, నా గౌన్లు ఒక్కొక్కటే దులిపి మళ్ళీ దండెం మీద వేసింది.

మర్నాడు నీళ్ళొచ్చాయి. కాలవ నీళ్ళు ఉరకలేసుకుంటూ వస్తాయని అనుకునేరు, కాదు. ముందు దూరంగా గలగల. తర్వాత ఎర్రటి నాలుక లాంటిది, ఎండుటాకుల్నీ గడ్డినీ నురగనీ నెట్టుకుంటూ, మెల్లగా, ఇసుకని తడుముకుంటూ వస్తుంది. పిల్లలం దానికి ముందు కాలవ అడుగున పరిగెత్తాం. అది మడమలు అందుకోబోతే గట్టెక్కేవాళ్ళం. అత్తయ్య చెప్పులు ఒక చేత్తో, చెల్లిని ఒక చేత్తో పట్టుకుని మాతోపాటు పరిగెత్తింది. గట్టు మీద అమ్మ కూడా నడిచింది. మేం చాపలు పరుచుకున్న చోటు, నా మడుగు, అన్నీ ఎర్రటి నీళ్ళ కింద కలిసిపోయాయి. ఆ వారమే మొదటి పడవ వచ్చింది.

తర్వాత లారీలు పెరిగాయి, పడవలు తగ్గాయి, ఆ పైన ఆగిపోయాయి. లాకు తలుపులు తుప్పుపట్టాయని విన్నాను. నాన్న, తాత, అత్తయ్య ఒక్కొక్కరే ప్రభువులో నిద్రించారు. నేను గడప మీదే చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాసి, కాపురానికి వచ్చి, నా పిల్లలకి ఈత నేర్పించాను. వాళ్ళు వాళ్ళ పిల్లలకి నేర్పిస్తున్నారు. దేవుడు మా ఇంటి నుంచి మళ్ళీ ఎవరినీ నీళ్ళకి ఇవ్వలేదు. అందుకు రోజూ వందనాలు చెప్పుకుంటాను.

ఈత నేర్పిన అత్తయ్యని మా బంధువులంతా తలుచుకుంటారు. పెళ్ళిళ్ళలో, సంస్మరణ కూటాల్లో ఆ కల్లు బుర్ర కథ ఎవరో ఒకరు చెప్పి నవ్విస్తారు. ఆవిడకి ఆ లోటు లేదు. నేను అడిగేది ఇంకొకరి కోసం. మా అమ్మకి చివరిదాకా ఈత రాలేదు. నీళ్ళంటే భయం కూడా చివరిదాకా పోలేదు. నేను కాలవలో దిగిన ప్రతిసారీ, పెళ్ళయి పిల్లల తల్లినయ్యాక కూడా, పని మానుకుని వచ్చి గట్టు మీద నిలబడేది. నేను పైకెక్కి తువ్వాలు అందుకునేదాకా మాట్లాడేది కాదు. కానీ వద్దని మాత్రం ఆ రోజు తర్వాత ఎప్పుడూ అనలేదు. ఒక బిడ్డని తీసుకున్న నీళ్ళలోకి ఇంకో బిడ్డ నడుముకి తన చేత్తో తాడు కట్టి, "దిగమ్మా" అన్న మనిషి ఆవిడ. ఈ వేసవిలో మీ పిల్లలు నీళ్ళలోకి దిగేటప్పుడు, ఒడ్డున నిలబడ్డ మీకు గుండె దడదడలాడితే, ఒక్క క్షణం మా అమ్మని తలుచుకోండి.